వెయ్యీ ఎనభై మూడు అతుకులు

ప్రసన్నకుమారి గారి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆ కాలేజీలో ఆవిడ పేరెత్తే ధైర్యం ఎవరికీ లేదు, నాకైతే అర్హతే లేదు. అయినా రాస్తున్నాను. యూనివర్సిటీ ఫైల్లో ఆవిడ పేరు పక్కన ఒక మాట ఉంది. ఆ మాట పచ్చి అబద్ధం. అది అక్కడ పడిందంటే నా మూలానే. ఛీ, ఈ నాలుగు ముక్కలు కాగితం మీద పెట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

నా పేరు సోమరాజు. మాది కొల్లేటి లంక. కైకలూరులో పద్దెనిమిదేళ్ళు రేడియోలూ టీవీలూ బాగుచేశాను. టీవీ చెడిపోతే కొత్తది కొనుక్కునే రోజులొచ్చాక షాపు మూసేసి, అన్నదమ్ములతో కలిసి చేపల చెరువు చూసుకున్నాను. రెండువేల ఆరులో కొల్లేట్లో ప్రభుత్వం చెరువుల గట్లు కొట్టించేశాక చేతిలో మిగిలింది సోల్డరింగ్ ఐరన్ ఒక్కటే. దాన్ని పట్టుకుని తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. కాలేజీ పేరు చెప్పను. చెప్తే నోరు పుక్కిలించుకోవాలి.

అదెలాంటి కాలేజీయో చెప్తాను వినండి. ఏటా ఇన్‌స్పెక్షన్‌కి కమిటీ వస్తుంది. వాళ్ళు వచ్చే ముందురోజు వేరే కాలేజీ నుంచి వ్యాన్‌లో మిషన్లు దిగేవి. వాటి మీద వాళ్ళ స్టిక్కర్ గోకి మా స్టిక్కర్ అంటించడం నా డ్యూటీ. కమిటీ కాఫీ తాగి వెళ్ళాక మా స్టిక్కర్ గోకి మళ్ళీ వాళ్ళది అంటించాలి. ఒకే ఒక్క స్పెక్ట్రమ్ ఎనలైజర్, ఎరువు తెచ్చుకున్న పెళ్ళినగలాగా, ఎన్ని ఊళ్ళు తిరిగిందో! దాని మీద జిగురు మందంగా పేరుకుపోయింది. మిషన్లనే కాదు, మనుషుల్నీ అలాగే తెచ్చేవారు. ఏనాడూ మొహం చూడని పెద్దమనుషులు ఆ ఒక్క పూట కోటు వేసుకుని ప్రొఫెసర్లయి కూర్చునేవారు. పదేళ్ళుగా ఇక్కడే పాఠాలు చెప్తున్నామని కమిటీకి చెప్పి, బయటికొచ్చి నన్ను పట్టుకుని "బాత్రూమ్ ఎటండీ?" అని అడిగేవారు. దారి చూపిస్తూ లోలోపల తిట్టుకునేవాణ్ణి. అయినా గోకుడు మానలేదు, అది వేరే సంగతి.

ఆ రోతలో నిజంగా పని చేసిన మనిషి ప్రసన్నకుమారి గారు ఒక్కరే. ఆవిడది పెంటపాడు. వాళ్ళ నాన్నగారు అబ్రహాం మాస్టారు మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భర్త సుందరరావు గారు రైల్వేలో గూడ్సు క్లర్కు. ఆవిడ మా ఎలక్ట్రానిక్స్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్. ముప్ఫై ఆరేళ్ళుంటాయి అప్పటికి. సన్నటి మనిషి, సన్నటి గొంతు. కుడిచేతి వేళ్ళు ఎప్పుడూ పచ్చగా ఉండేవి. కొత్తవాళ్ళు వంటింటి పసుపు అనుకునేవారు. అది రాగి బోర్డుల్ని కరిగించే యాసిడ్ మరక.

ఆవిడ పీహెచ్‌డీకి తీసుకున్న విషయం ఒక లెన్స్. లెన్స్ అనగానే మనకి గాజు గుర్తొస్తుంది. ఇందులో గాజు లేదు. వెలుతురు కోసం కూడా కాదు. సెల్‌ఫోన్ టవర్ నుంచి వచ్చేలాంటి కంటికి కనపడని తరంగాల్ని ఒకచోటికి చేర్చే లెన్స్. పైగా ఉబ్బెత్తుగా ఉండదు, పలచగా, చదునుగా ఉంటుంది. బోర్డు మీద వరసగా చిన్న చిన్న రాగి రింగులు, ఒక్కొక్కటీ మినపగుండు అంత. అడ్డంగా పంతొమ్మిది, నిలువుగా పంతొమ్మిది. అలాంటి బోర్డులు మూడు, మధ్యమధ్య థర్మోకోల్ పెట్టి, ఒక చెక్క చట్రంలో బిగించాలి. దాన్ని మెటామెటీరియల్ అంటారని ఆవిడే చెప్పారు. అలాంటి గుణం ఉన్న పదార్థం భూమ్మీద దొరకదట, రాగి గీతలతో మనమే పుట్టించాలట. మా స్టాఫ్‌రూమ్ పండితులు మాత్రం దాన్ని పరీక్ష ప్యాడ్ అనేవారు. "ప్యాడ్ మేడం వస్తున్నారండోయ్" అని ఒకడు, "క్లిప్పు ఎప్పుడు పెడతారండీ మేడం?" అని ఇంకొకడు. వాళ్ళలో ఒక్కడికీ ఆ తరంగాల్ని కొలిచే మైక్రోవేవ్ బెంచి స్విచ్ ఎక్కడుందో తెలియదు.

ఒకరోజు ఆవిడ నన్ను అడిగారు. "సోమరాజు గారూ, మీ లంకలో ఫోన్లు పలుకుతాయాండీ?"

"గట్టు చివరికెళ్ళి చెయ్యి పైకెత్తి నిలబడితే పలుకుతాయండీ. వాన వస్తే అదీ లేదండీ."

"పెద్ద డిష్ పెట్టుకుంటేనో?"

"తుఫానుకి ఎగిరి చెరువులో పడుతుందండీ."

"అందుకేనండీ నా తిప్పలు. గోడకి పటంలా కొట్టేసుకుంటే చాలాలి."

అప్పుడే లెన్స్ సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పారు. "కొల్లేట్లో పది పడవలు వరసగా బయల్దేరి ఒకే రేవుకి వెళ్ళాలనుకోండి. మధ్యనున్న పడవకి దారి దగ్గర, చివరి పడవలకి దూరం. అన్నీ ఒక్కసారే చేరాలంటే ఏం చేయాలండీ?"

"మధ్య పడవవాణ్ణి కాస్త నెమ్మదిగా పొమ్మనాలండీ."

"చూశారా, ఎంత తేలిగ్గా చెప్పేశారో! గాజు లెన్స్ మధ్యలో లావుగా ఉండేది తరంగాన్ని అక్కడ నెమ్మది చేయడానికేనండీ. నేను ఆ లావు లేకుండా రింగులతో నెమ్మది చేయిస్తాను. రింగు రింగుకీ గ్యాప్ ఉంది కదా, కిటుకంతా ఆ గ్యాప్‌లోనే ఉందండీ. గ్యాప్ పోతే లెన్స్ లేదు. అర్థమైందాండీ?"

"అయిందండీ" అన్నాను.

ఏం అయింది నా మొహం! రింగు రింగుకీ గ్యాప్ అంటే, ఒక రింగుకీ పక్క రింగుకీ మధ్య ఉన్న ఖాళీ అనుకున్నాను. ఆవిడ చెప్పింది ప్రతి రింగులోనూ ఒకచోట వదిలిన సన్నటి చీలిక గురించి. ఏ గ్యాపండీ అని ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది. కానీ మా గోదావరి మర్యాద ఒకటి ఏడిసింది కదా, ఎదుటివాళ్ళు చెప్పింది బుర్రకెక్కినా ఎక్కకపోయినా "అవునండీ, అలాగేనండీ" అనేస్తాం. పైగా నేను పద్దెనిమిదేళ్ళ మెకానిక్‌ని. ఒక ఆడమనిషి దగ్గర తెలియదని ఎలా ఒప్పుకుంటాను?

ఆ లెన్స్ కోసం ఆవిడ పడ్డ పాట్లు చూస్తే జాలేసేది. తరంగం ఎక్కడ ఎంత ఆగుతుందో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ మా కాలేజీలో లేదు. ఉందని కమిటీకి చూపించాం, అట్టపెట్టె మాత్రమే. ఆవిడ వేసవి సెలవుల్లో యూనివర్సిటీకి వెళ్ళి, అక్కడి కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు లెక్కలు చేసుకుని వచ్చేవారు. రింగుల బొమ్మని నున్నటి కాగితం మీద ప్రింటు తీసి, ఆ కాగితాన్ని రాగి బోర్డు మీద బోర్లించి ఇంట్లో ఇస్త్రీపెట్టెతో నొక్కేవారు. సిరా రాగికి అంటుకుంటుంది. తరవాత యాసిడ్‌లో ఊపితే సిరా కింద ఉన్న రాగి మిగిలి, తక్కినది కరిగిపోతుంది. "మా ఆయన చొక్కాలకి ఏనాడూ ఇంత శ్రద్ధగా ఇస్త్రీ చేయలేదండీ" అని నవ్వేవారు. వేడి ఎక్కువైతే గీత అలుక్కుపోయేది, తక్కువైతే అంటుకునేది కాదు. ఎన్ని బోర్డులు పాడయ్యాయో, చెత్తబుట్ట ఖాళీ చేసేవాణ్ణి, నాకు తెలుసు.

రెండువేల ఏడు సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం అది పనిచేసింది. బెంచి మీద ఒక పక్క తరంగాన్ని వదిలే హారన్, ఎదురుగా దాన్ని అందుకునే హారన్, దాని వెనక మీటరు. మధ్యలో ఏమీ లేనప్పుడు మీటరు ముల్లు పది దగ్గర నిలబడింది. ఆవిడ చట్రం పెట్టి అటూ ఇటూ సర్దారు. ముల్లు లేచి ముప్ఫై దాటింది. తీస్తే పది. పెడితే ముప్ఫై. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "ప్రభువా" అన్నారు. నాకూ కళ్ళు చెమర్చాయి. ఆ కాలేజీలో స్టిక్కర్ లేకుండా నిజంగా పనిచేసిన వస్తువు అదొక్కటే.

కానీ గడువు అప్పటికే నెత్తి మీద ఉంది. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ నవంబరు ఆఖరుకి అయిపోతుంది. ఒకసారి పొడిగించారు, రెండోసారి పొడిగించే రూలు లేదు. ఆవిడ గైడు పాండురంగారావు గారు ఏలూరులో ఉంటారు, మాట కటువు, మనిషి నిక్కచ్చి. లెన్స్‌ని కళ్ళారా చూస్తేనే సంతకం పెడతానన్నారు. నవంబరు ఇరవై ఏడు మంగళవారం పదకొండింటికి, హైదరాబాద్ నుంచి ఒక ఎక్స్‌పర్ట్‌ని వెంటబెట్టుకుని వస్తానని కబురు చేశారు. ముల్లు లేస్తే డాక్టరేట్. లేవకపోతే ఐదేళ్ళ కష్టం బూడిద. ఇది అందరికీ తెలుసు, అటెండర్లకి కూడా తెలుసు.

ఇక మా హెచ్‌వోడీ బాపిరాజు గారు. ఎలక్ట్రానిక్స్‌కి హెడ్డు, కానీ ఫ్యూజు పోతే నన్ను పిలిచేవారు. ఆయన ఎప్పుడూ గోడలకి సున్నం, బల్లలకి వార్నిష్, వచ్చినవాళ్ళకి జీడిపప్పు, ఈ మూడింటి గురించే ఆలోచించేవారు. శనివారం సాయంత్రం ప్రసన్నకుమారి గారు బస్సుకి వెళ్ళిపోయాక ల్యాబ్‌లోకి వచ్చి, చట్రం చుట్టూ వేసిన టేపు ఊడదీయించి లోపలి బోర్డు చూశారు.

"ఏంటండీ సోమరాజు గారూ ఇది? రింగులన్నీ కట్ అయిపోయి ఉన్నాయేంటి?"

చూశాను. నిజమే, ప్రతి రింగూ ఒకచోట తెగి ఉంది. చట్రం బిగించాక చూడడమే తప్ప అంతవరకూ బోర్డుని దగ్గరగా పట్టుకుని చూడనేలేదు నేను.

"యాసిడ్ ఎక్కువ తిన్నట్టుందండీ" అన్నాను.

"హైదరాబాద్ నుంచి వస్తున్నారండీ, మన పరువేం కావాలి? రేపొచ్చి కట్లన్నీ అతికించెయ్యండి."

"మేడం గారిని ఒక మాట అడుగుతానండీ."

"రేపు ఆదివారం. ఆవిడ చర్చిలో ఉంటారు, ఫోనెత్తరు. అయినా ఇది మీకు తెలీని పనా ఏంటండీ?"

"అలాగేనండీ" అన్నాను.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి ఆఫీసు తాళంచెవితో ల్యాబ్ తీసి కూర్చున్నాను. కంటికి వాచీ రిపేరు భూతద్దం తగిలించుకుని, ఐరన్ మొనని సూదిలా అరగదీసుకుని మొదలుపెట్టాను. బుద్ధున్నవాడికి అప్పటికైనా అనుమానం రావాలి. కట్లన్నీ ఒకే వైపు ఉన్నాయి. నాకు రాలేదు. యాసిడ్ ట్రే ఒక పక్కకి వాలిందిలే అనుకున్నాను. మధ్య రింగుల్లో కట్ వెంట్రుకంత సన్నం, అంచులకి పోయేకొద్దీ వెడల్పు. దానికీ నా దగ్గర జవాబుంది. అంచుల్ని యాసిడ్ ముందు తింటుంది కదా అనుకున్నాను. మెకానిక్‌కి ఉండే జబ్బు అది. తెగినది కనపడితే చెయ్యి ఊరుకోదు, జవాబులు దానికవే వచ్చేస్తాయి.

ఆవిడ చెప్పిన గ్యాప్ నాకు గుర్తులేక కాదు. బాగా గుర్తుంది! గ్యాప్ పోతే లెన్స్ లేదన్నారు కదా అని, ఒక రింగుకి కరిగించి వేసిన లెడ్డు పక్క రింగుకి తగలకుండా ఊపిరి బిగబట్టి పనిచేశాను. రింగుకీ రింగుకీ మధ్య ఒక్క చుక్క పడనివ్వలేదు. బోర్డుకి మూడువందల అరవై ఒకటి, మూడు బోర్డులకి వెయ్యీ ఎనభై మూడు. అన్నం కూడా తినలేదు. సాయంత్రం నాలుగున్నరకి ఆఖరి అతుకు వేసి, స్పిరిట్‌తో తుడిచి, థర్మోకోల్ పెట్టి, టేపు ఎలా ఉన్నది అలా చుట్టేశాను. వెండిగింజల్లా మెరిశాయి అతుకులు. నా జన్మలో అంత నాణ్యమైన పని చేయలేదు. ఆవిడకి ఇంతకన్నా ఏం సాయం చేస్తామని పొంగిపోయాను.

సోమవారం ఆవిడకి పరీక్ష హాల్లో డ్యూటీ. సాయంత్రం ఐదు నిమిషాలు ల్యాబ్‌కి వచ్చి, చట్రం ఉందో లేదో చూసుకుని, టేపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "శనివారం కూడా ముప్ఫై రెండు చూపించిందండీ. ఇంక దీన్ని కదపను" అన్నారు.

నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. రేపు ముల్లు ఇంకా పైకి లేచాక, అందరి ముందూ చెప్పి మెప్పు కొట్టేద్దామనుకున్నాను. "నా వంతు నేను చేశానండీ" అన్నాను అంతే.

"మీరుండబట్టే ఇంతవరకూ వచ్చిందండీ" అని ఆవిడ బస్సుకి వెళ్ళిపోయారు.

మంగళవారం పదకొండింటికి వాళ్ళు వచ్చారు. పాండురంగారావు గారు, హైదరాబాద్ ఎక్స్‌పర్ట్, వాళ్ళ వెనక జీడిపప్పు ప్లేటు పట్టించుకుని బాపిరాజు గారు. ప్రసన్నకుమారి గారు హారన్లు సర్దారు. ముల్లు పది దగ్గర నిలబడింది. చట్రం ఎత్తి మధ్యలో పెట్టారు.

ముల్లు ఆరుకి పడింది.

ఆవిడ చట్రాన్ని ముందుకి జరిపారు, వెనక్కి జరిపారు, తిప్పి పెట్టారు. ఆరు. ఏడు. మళ్ళీ ఆరు. కేబుల్ మార్చమన్నారు, నేనే మార్చాను. ఆరు. ఎక్స్‌పర్ట్ వాచీ చూసుకున్నాడు. ఆవిడ గోళ్ళతో టేపు పీకి, థర్మోకోల్ తీసి, బోర్డుని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళారు. వెలుతురుకి ఎత్తి రింగు రింగునీ చూశారు.

"గ్యాప్‌లు" అన్నారు చివరికి. "గ్యాప్‌లన్నీ మూసుకుపోయాయండీ."

ఆవిడ పచ్చటి వేలు నా అతుకు మీద ఉంది. గ్యాప్ అంటే ఏమిటో నాకు ఆ క్షణంలో తెలిసింది.

ఎక్స్‌పర్ట్ బోర్డు తీసుకుని చూశాడు. "మీ బోర్డు మీద మీకు తెలియకుండా వెయ్యి జాయింట్లు ఎవరు వేస్తారమ్మా? రీడింగులు మొదటినుంచీ వచ్చి ఉండవు. చూపించమనేసరికి ఇలా పాడుచేసి పెట్టుకున్నారు."

"లేదండీ! శనివారం కూడా వచ్చాయండీ!"

పాండురంగారావు గారు బాపిరాజు గారి వైపు తిరిగారు. "ఈ ల్యాబ్ తాళం ఎవరి దగ్గర ఉంటుందండీ?"

"మేడం గారి దగ్గరేనండీ" అన్నారు బాపిరాజు గారు, జీడిపప్పు ప్లేటు వంకే చూస్తూ. ఆఫీసులో ఇంకో తాళంచెవి ఉన్న సంగతి ఆయన మింగేశారు. నీచుడు. ఆయన్ని అనడం ఎందుకు, ఆ తరవాతి మాట నాది.

ప్రసన్నకుమారి గారు నా వైపు తిరిగారు. కోపం లేదు మొహంలో. "సోమరాజు గారూ, ఇది మీరు చేశారాండీ?"

అందరూ నన్ను చూస్తున్నారు. అవునండీ, పొరపాటైపోయిందండీ. రెండే రెండు మాటలు. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, లేదనను. చెరువు పోయినవాణ్ణి, పరాయివాళ్ళ చెరువు మీద మేత చల్లుకుని బతకాలి. కానీ నిజం చెప్పాలంటే అంతకన్నా పెద్దది ఇంకొకటుంది. ఇన్నేళ్ళ మెకానిక్‌ని, ఆ పెద్దవాళ్ళ ముందు, తెగినదానికీ తెరిచి ఉంచినదానికీ తేడా తెలియని వెధవనని ఒప్పుకోవాలి. అది నా వల్ల కాలేదు.

"నాకు తెలీదండీ" అన్నాను.

ఆవిడ ఇంకోసారి అడిగారు. "తొందరేం లేదండీ. ఆలోచించుకుని చెప్పండి."

"అసలు ముట్టుకోలేదండీ నేను."

"సరేనండీ" అన్నారు.

ఆ మధ్యాహ్నమే పాండురంగారావు గారు రిపోర్టు రాశారు. పనిచేయని పరికరాన్ని "ఉద్దేశపూర్వకంగా" చెడగొట్టి, పరీక్షని తప్పించుకోజూశారని అందులో ఉంది. ఉద్దేశపూర్వకంగా. అదీ ఆ మాట. మర్నాడు ఆవిడ నా దగ్గరికి వచ్చి, "అతుకులు తీయడానికి కాస్త సాయం వస్తారాండీ?" అని అడిగారు. వెళ్ళాను. నేను వేసిన అతుకుల్ని నేనే, ఏమీ ఎరగనట్టు, ఆవిడ పక్కన కూర్చుని కరిగించాను. ఇంతకన్నా నికృష్టమైన పని లోకంలో ఉంటే చెప్పండి. వేడికి లెడ్డుతో పాటు సన్నటి రాగి కూడా లేచి వచ్చేసింది. ముప్ఫై నలభై రింగులు పోయాక ఆవిడ "ఇంక చాలండీ" అని లేచారు. వారం రోజులుంటే కొత్తవి చేసేవారే. మూడు రోజులే ఉన్నాయి, పైగా ఆ రిపోర్టు చూసినవాడెవడూ ఆవిడకి మూడు గంటలు కూడా ఇవ్వడు.

రిజిస్ట్రేషన్ రద్దయింది. డిసెంబరులో ఆవిడ కాలేజీ మానేశారు. మానేశారనడం మర్యాద, మానిపించారు. "మాట జారలేదండీ మీరు, గట్టివాళ్ళు" అని బాపిరాజు గారు నా భుజం తట్టారు. ఏప్రిల్‌లో నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. నేను స్వీట్లు పంచాను. అవునండీ, పంచాను. అందరూ తిన్నారు.

రెండువేల తొమ్మిదిలో మళ్ళీ ఇన్‌స్పెక్షన్ వచ్చింది. ల్యాబ్ గుమ్మంలో కొత్త గాజుబీరువా పెట్టారు. అందులో ఆ చట్రం ఉంది. కింద బోర్డు: "మెటామెటీరియల్ లెన్స్, రూపకల్పన: బాపిరాజు". మేం తీయకుండా వదిలేసిన అతుకులు అలాగే మెరుస్తున్నాయి. చచ్చిన లెన్స్. దాని గుండా తరంగం ఎటూ చేరదు. కమిటీ వాళ్ళు చూసి, తలలు ఊపి, "చాలా నీట్‌గా ఉందండీ సోల్డరింగ్" అన్నారు. బాపిరాజు గారు నా వైపు చూసి కన్నుకొట్టారు. నేను వెనక్కి వెళ్ళి గోడ పక్కన వాంతి చేసుకున్నాను. నోరు కడుక్కుని అటునుంచి అటే ఏలూరు బస్సెక్కాను.

పాండురంగారావు గారు అప్పటికి రిటైరయ్యారు. పవర్‌పేటలో ఇంటి అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. నిలబడే మొత్తం చెప్పేశాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఆ రోజు అవునని ఒక్క మాట అని ఉంటే ఏం చేసేవాణ్ణో తెలుసాండీ?" అన్నారు. "టెక్నీషియన్ పొరపాటు వల్ల పరికరం చెడింది, ప్రయోగం మళ్ళీ జరపాలి అని రాసేవాణ్ణి. దానికి రూలుంది. మూడు నెలలు వచ్చేవి. అందులో మీ పేరు కూడా రాయక్కర్లేదు."

నా పేరు కూడా అక్కర్లేదట.

"ఇప్పుడు రాయొచ్చాండీ?" అన్నాను.

"రాసిస్తానండీ. కానీ ఎవరికివ్వాలి? ఆ రిజిస్ట్రేషనే లేదు."

ఆ కాగితం పట్టుకుని మర్నాడు ముదినేపల్లి వెళ్ళాను. ప్రసన్నకుమారి గారు అక్కడ ఒక హైస్కూల్లో సైన్సు చెప్తున్నారని విన్నాను. ఇంటర్వెల్‌లో వరండాలోకి వచ్చారు. కొంచెం జుట్టు నెరిసింది. వేళ్ళ మీద పసుపు లేదు, సుద్దపొడి ఉంది. "రండి సోమరాజు గారూ, బాగున్నారాండీ? ఇంట్లో అందరూ కులాసాయేనా?" అని కుర్చీ వేయించారు. నాకు కూర్చోబుద్ధి కాలేదు.

"అమ్మా, ఆ అతుకులు నేనే వేశానండీ" అన్నాను. బాపిరాజు గారు చెప్పడం, ఆదివారం, గ్యాప్ అంటే నేను అనుకున్నది, అన్నీ చెప్పాను. చెప్తూ ఏడ్చాను. కాగితం చేతిలో పెట్టాను. ఆవిడ చదివి, మడిచి, రిజిస్టర్లో పెట్టుకున్నారు.

"అతుకులు మీవని ఆ రోజే తెలుసండీ" అన్నారు. "ఏడాదికి పైగా మీ పక్కన పనిచేశాను. జిల్లాలో అంత సన్నంగా లెడ్డు వేసే చెయ్యి ఇంకోటి లేదు. కిటికీ దగ్గర చూడగానే తెలిసిపోయింది."

"మరి తెలిసి, నన్నెందుకు అడిగారండీ? వాళ్ళకి మీరే చెప్పి ఉండొచ్చు కదండీ!"

ఆవిడ నా వైపు అప్పట్లాగే, కోపం లేకుండా చూశారు.

"నేను చెప్తే మీ మీద నేరం మోపినట్టవుతుందండీ. మీరు చెప్తే పొరపాటవుతుంది. అందుకని రెండుసార్లు అడిగాను."